ఇస్త్రీ అక్క మొదటి నెల

పొద్దున్న ఏడింటికి షట్టర్ లేస్తుంది. అత్తగారు గుమ్మం తుడిచి, కౌంటరు వెనక తన ఎత్తు కుర్చీలో సర్దుకుని కూర్చునేసరికి కోడలు ఇస్త్రీపెట్టెలో నీళ్లు పోసి స్విచ్ వేస్తుంది. అది వేడెక్కేలోగా ముందురోజు వచ్చిన మూటలు విప్పి చొక్కాలు ఒక పక్క, ప్యాంట్లు ఒక పక్క, దుప్పట్లు కింద బుట్టలో వేరు చేసి పెట్టుకుంటుంది. బల్ల మీద మందపాటి కంబళి, దాని మీద తెల్లగుడ్డ. పెట్టెలోంచి ఆవిరి బుస్సుమనగానే మొదటి చొక్కా కాలరు పరిచి పని మొదలుపెడుతుంది. ఇరవై ఏళ్లుగా ఇదే వరస. ఆ వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆమె ఇస్త్రీ అక్క.

ఆమె చేతి కింద వేడి తగిలితే బట్టలు మాట్లాడతాయి. పెద్ద కబుర్లేం చెప్పవు. ఒకటి రెండు ముక్కలు, అవీ తమను తొడుక్కున్న ఒంటి సంగతులు. బడిపిల్లాడి చొక్కా 'లెక్కల క్లాసులో నిద్రపోయాడు' అంటుంది. గుమాస్తా ప్యాంటు 'నడుం దగ్గర బిగుసుకుపోతున్నా, ఆయనకింకా తెలీదు' అంటుంది. బట్టలు తీసుకెళ్లడానికి వచ్చినవాళ్లు చిల్లర జేబులో వేసుకుంటూ, "అక్కా, నాదేమంది?" అని అడిగి మరీ వెళ్తారు. చెప్పాల్సింది నలుగురిలో చెప్పేదైతే అక్కడే చెబుతుంది. కాదంటే కౌంటరు చివరికి పిలిచి చెవిలో చెబుతుంది. అలా విని పంటి డాక్టరు దగ్గరికి పరిగెత్తినవాళ్లున్నారు, పెళ్లాంతో రాజీపడినవాళ్లున్నారు. మలుపు తిరిగాక ఇంకో ఇస్త్రీ కొట్టుంది, కాస్త చవక కూడా. కానీ అక్కడ మడతలు పోతాయి, అంతే.

వానలు మొదలైన రోజుల్లో అక్కకి బట్టల మాట వినపడటం మానేసింది.

మొదట పెట్టె పాడైందనుకుంది. కొత్తది కొన్నా అంతే. చొక్కా పరిస్తే చొక్కా, ప్యాంటు పరిస్తే ప్యాంటు. ఆ తర్వాత ఒక్కొక్కటే గమనించింది. తింటున్నది నోటికి తెలియడం లేదు. తెల్లారకముందే మెలకువ వచ్చేస్తుంది, వచ్చాక లేవడానికి ఒళ్లు రాదు. ఒకరోజు షట్టర్ తాళం తీసి, దాన్ని పైకెత్తడం ఎలాగో తెలియనట్టు పది నిమిషాలు అలాగే నిలబడిపోయింది. ఏడుపొచ్చినా బాగుండేది, అదీ రాలేదు. కొట్టుకి వచ్చినవాళ్లు "నాదేమంది?" అంటే, "బాగానే ఉందంది" అని చెప్పి పంపేసేది. ఎవరికి చెప్పినా అదే మాట.

ఎదురింటి నర్సుకీ అదే చెప్పింది. మర్నాడు ఆ అమ్మాయి జ్వరంతో వార్డులోనే కళ్లు తిరిగి పడిపోయింది. ఆ కబురు కొట్టుకి చేరిన మధ్యాహ్నం అత్తగారు కళ్లజోడు పైకి తోసి కోడలివైపు చూసింది.

"నీకు వినపడటం లేదు కదూ?"

అక్క పెట్టె నిలబెట్టింది. "లేదత్తయ్యా."

"ఎన్నాళ్లయింది?"

"అయిదు నెలలు."

"అయిదు నెలలు! అందరికీ ఒకే పాట పాడుతుంటే నాకనుమానం వచ్చిందిలే. ఎక్కడైనా అందరి బట్టలూ బాగానే ఉంటాయా?" అని ఆవిడ కుర్చీ దిగింది. పట్టపగలు షట్టర్ కిందికి లాగి తాళం వేసింది. ఇరవై ఏళ్లలో అది మొదటిసారి. "చెప్పులేసుకో" అంది.

రెండు వీధుల అవతల ఆసుపత్రిలో మనసు జబ్బులు చూసే డాక్టరమ్మ ఉంది. ఆవిడ తెల్లకోటు కూడా అక్క దగ్గరికే ఇస్త్రీకి వస్తుంది. నిద్రెలా ఉంది, ఆకలెలా ఉంది, పని మీద ధ్యాస ఎలా ఉంది అని ఆవిడ ఒక్కొక్కటే అడిగి రాసుకుంది. చివర, "బట్టల మాట?" అంది.

"అయిదు నెలలుగా లేదండీ."

డాక్టరమ్మ అది కూడా రాసుకుంది. తర్వాత పెన్ను పక్కన పెట్టింది.

"దీన్ని డిప్రెషన్ అంటారమ్మా. మందుంది. కానీ ఇది తలనొప్పి మాత్రలాంటిది కాదు. వేసుకున్న పూటే పని చెయ్యదు. మూడు నాలుగు వారాలు పట్టొచ్చు, కొందరికి ఇంకా ఎక్కువే పడుతుంది. ఇబ్బందులు మాత్రం ముందొస్తాయి. కడుపులో తిప్పుతుంది, నోరు ఎండిపోతుంది, నిద్ర అటూ ఇటూ అవుతుంది, కాస్త కంగారుగా ఉంటుంది. చాలామందికి ఒకటి రెండు వారాల్లో తగ్గిపోతాయి. తట్టుకోలేకపోతే నాకు ఫోన్ చెయ్యి. నీ అంతట నువ్వు మాత్రం మానెయ్యకు."

"అంటే ముందు కష్టం, తర్వాత సుఖం అన్నమాట" అంది అత్తగారు.

"సుఖమని చెప్పనండీ. మామూలవుతుంది."

"మామూలైతే చాలు" అంది అక్క. ఆ రోజు తనంతట తానుగా అన్న మాట అదొక్కటే.

మొదటిరోజు ఏమీ కాలేదు. రెండో రోజు పెట్టెలోంచి ఆవిరి లేవగానే కడుపులో తిప్పింది. తడిగుడ్డ వాసన, సబ్బు వాసన, గంజి వాసన, ఇరవై ఏళ్లు పీల్చిన గాలే ఒక్కసారిగా పగబట్టినట్టయింది. అక్క వెనక గుమ్మంలోకి పరిగెత్తి, గోడ పట్టుకుని నిలబడి, తిరిగొచ్చింది. అత్తగారు కౌంటరు సొరుగులోంచి ఉప్పు బిస్కెట్ల పొట్లం తీసి బల్ల మీద పెట్టింది. "గంటకొకటి. ఆకలేసినా వెయ్యకపోయినా."

మూడో రోజుకి నాలుక అట్టముక్కలా తయారైంది. ఎన్ని నీళ్లు తాగినా రెండు నిమిషాలే. ఆపైన ఆవలింతలు. నిద్ర వచ్చి కాదు, ఊరికే, దవడలు నొప్పెట్టేలా. ఆమె ఆవలిస్తే కౌంటరు ముందున్న గుమాస్తా ఆవలించేవాడు, ఆయన్ని చూసి వెనకున్న బడి పంతులమ్మ, ఆవిణ్ని చూసి అత్తగారు. "ఇలాగైతే ఈ కొట్టు పేరు మార్చి పడకల దుకాణం అని పెట్టాలి" అంది అత్తగారు నోటికి చెయ్యడ్డం పెట్టుకుని.

నాలుగో రోజు నుంచి కలలు. కళ్లు మూస్తే చాలు, రంగు రంగుల కలలు, ఒకదాని మీద ఒకటి. లేచేసరికి ఎక్కడెక్కడో తిరిగొచ్చినట్టు ఒళ్లంతా పులిసిపోయేది. పైగా గుండెలో దడ. కాసేపు కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే కూర్చోవాలనిపించేది. అయినా ఏడింటికి షట్టర్ లేచింది. పెట్టె వేడెక్కింది.

అయిదో రోజు సిటీ బస్సు డ్రైవరు యూనిఫాం కోటు చేతిలో ఉండగా వేళ్లు వణికాయి. ఆమె పెట్టెని పక్కకి తీసేలోగా కోటు వీపు మీద అరచెయ్యంత గోధుమరంగు మచ్చ పడింది. కాలిన ఉన్ని వాసన కొట్టంతా నిండింది. ఇరవై ఏళ్లలో ఒక్క దారం కాల్చని చెయ్యి.

సాయంత్రం డ్రైవరు వచ్చాడు. యాభై దాటిన మనిషి, గంట కొట్టినట్టు నవ్వుతాడు. అక్క కోటు చూపించి, కొత్తది కుట్టిస్తానంది.

"దీనికెందుకు చెల్లెమ్మా కొత్త కోటు? నా వీపు చూసేది సీటొక్కటే. దానికి చెప్పుకుంటాలే" అని గలగలా నవ్వి కోటు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఆయన అటు వెళ్లగానే అక్క లోపలికెళ్లి, పారేద్దామా అని మాత్రల అట్ట చేతిలోకి తీసుకుంది. సరిగ్గా అప్పుడే భర్త ఫోను. ఆయనది ఫోన్ టవర్లెక్కే ఉద్యోగం, నెలలో సగం రోజులు వేరే ఊళ్లలోనే. గొంతు వినగానే కనిపెట్టేశాడు.

"ఆ మాత్రలు నీకు పడటం లేదేమోనే. లేని జబ్బులు కొని తెచ్చుకున్నట్టుంది. మానేద్దూ."

అక్క అట్టలో ఖాళీ అయిన అయిదు గుంటల్ని బొటనవేలితో తడిమింది. "వాంతులొచ్చినా, చెయ్యి వణికినా, నేను ఈ అయిదు రోజులు ఊరికే పడలేదండీ. మానితే అవన్నీ వృథా. ముందు డాక్టర్నడుగుతా. ఆవిడ మానమంటేనే మానతా."

అవతల కాసేపు గాలి హోరు. "సరే. నువ్వు గట్టిగా ఉన్నావుగా, చాలు" అన్నాడాయన.

డాక్టరమ్మ ఫోనులో అంతా విన్నది. వారం రోజులు సగం మాత్ర వేసుకోమంది, అదీ రాత్రి కాకుండా పొద్దున్న తిన్నాక. తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "చచ్చిపోవాలన్న ఆలోచనలేమైనా వస్తున్నాయా? దాచకు."

అక్క మాత్రల అట్టని బల్ల మీద బోర్లా పెట్టింది. "చావాలని లేదండీ. నేను లేకుండా ఉంటే బాగుండునని అప్పుడప్పుడూ."

"ఎలా అన్న ఆలోచనేమైనా ఉందా?"

"లేదండీ. అంతవరకూ పోలేదు."

"చెప్పావు, మంచిపని చేశావు. మొదటి రోజుల్లో ఇలాంటివి కొందరికి ఎక్కువవుతాయి, అందుకే అడిగాను. రేపు పొద్దున్నే వచ్చి కనపడు. ఈలోగా ఎక్కువైతే ఏ వేళైనా ఆసుపత్రికి వచ్చెయ్యి. ఇప్పుడు ఫోను పెట్టగానే ఇంట్లో ఒకరికి ఇదే మాట చెప్పాలి. ఎవరికి చెబుతావు?"

"మా అత్తయ్యకి."

షట్టర్ సగం దించి ఉంది. దాని కింద నుంచి సాయంత్రపు ఎండ నేల మీద పొడుగ్గా పడింది. అత్తగారు గల్లా సర్దుతోంది. అక్క ఎదురుగా నిలబడి, డాక్టరుతో అన్న మాటని ఒక్క అక్షరం మార్చకుండా చెప్పేసింది. చెప్పాక బట్టల మూట మీద కూర్చుంది.

అత్తగారు గల్లా మూసింది. లోపలికెళ్లి తన ఊదారంగు స్వెట్టరు తెచ్చింది. ఈ ఇరవై ఏళ్లలో ఆవిడ తన గుడ్డ ఒక్కటి కూడా కోడలి బల్ల మీద పెట్టలేదు. ఎవరి గుట్టు వాళ్లకుండాలి అంటూ తన బట్టలు తానే ఉతికి, తానే మడత పెట్టుకునేది.

"చెయ్యి" అంది.

అక్క లేచి పల్చటి గుడ్డ కప్పి పెట్టె ఆనించింది. ఆవిరి లేచింది. అంతే.

"వినపడటం లేదత్తయ్యా."

"తెలుసు. అది చెప్పేదేదో నేనే చెబుతాను, విను. నీ మొగుడి కంటే ముందు నాకొక ఆడపిల్ల పుట్టింది. పదకొండు రోజులుండి పోయింది. ఆ తర్వాత నేను పది నెలలు మంచం దిగలేదు. దిగలేదంటే, వంట చేశాను, నీళ్లు పట్టాను, మనిషిని మాత్రం మంచం మీదే ఉన్నాను. నువ్వన్నావే, లేకుండా ఉంటే బాగుండునని. పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ నాకదే మాట. ఒక్కరు అడగలేదు. ఒక్కరు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లలేదు. బద్ధకమన్నారు. పొగరన్నారు. ఎలాగో బయటపడ్డాను, కానీ ఎలా పడ్డానో నాకే తెలీదు. అంత అదృష్టం అందరికీ ఉంటుందని నేను నమ్మను. అందుకే నీ నోట బాగానే ఉంది, బాగానే ఉంది అని వింటుంటే నాకు ఒళ్లు మండింది."

అక్క ఆ స్వెట్టరు మీదే తల పెట్టి ఏడ్చింది. అయిదు నెలల తర్వాత వచ్చిన ఏడుపు. అత్తగారు ఆపలేదు, సముదాయించలేదు. స్వెట్టరు తడిసిపోతుందని కూడా అనలేదు. ఏడుపయ్యాక మాత్రల అట్ట తీసి తన సంచిలో వేసుకుంది. "ఇవి నా దగ్గరుంటాయి. పొద్దున్న తిన్నాక నా చేత్తో ఇస్తా. ఈ నెలంతా నేను నీ గదిలోనే పడుకుంటా. గురక పెడతాను, ముందే చెబుతున్నా."

మర్నాడు ఆసుపత్రి నుంచి వస్తూనే అత్తగారు ఒక అట్టముక్క మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాసి కౌంటరుకి తగిలించింది. 'ఈ నెల బట్టల మాట చెప్పబడదు. మడతలు మాత్రమే.'

దాన్ని చదివి కొందరు మలుపు తిరిగి వెళ్లిపోయారు. ఎక్కువమంది, "సరే అక్కా, వచ్చే నెల చూద్దాం" అని మూట ఇచ్చి వెళ్లారు. జ్వరం తగ్గిన నర్సు వచ్చినప్పుడు అక్క, "నీకు అబద్ధం చెప్పానమ్మా. నాకు అప్పటికే వినపడటం లేదు" అని చెప్పింది. "అయితే మీక్కూడా జ్వరమేగా అక్కా" అందా అమ్మాయి. వాళ్లమధ్య ఆ సంగతి అక్కడితో అయిపోయింది.

పని కూడా మార్చుకున్నారు. వణుకున్నన్నాళ్లూ అక్క దుప్పట్లూ దిండు గలీబులూ మాత్రమే చేసింది. చొక్కాలు అత్తగారి వంతు. ఆవిడ చేసిన కాలర్లు ఒకటి తూర్పు చూస్తే ఒకటి పడమర చూసేవి. గుమాస్తా అద్దంలో చూసుకుని, "ఇదేంటండీ, చెవులు మొలిచినట్టున్నాయి" అంటే, "బాగా వినపడతాయి, వేసుకెళ్లు" అంది. పొద్దున్న కొట్టు తెరిచేముందు ఇద్దరూ వీధి చివరిదాకా నడిచి వచ్చేవాళ్లు. దడ పుట్టినప్పుడు అక్క నోట్లో ఐసుముక్క వేసుకుని, అది కరిగేదాకా కదలకుండా నిలబడేది. కరిగేలోగా దడ తగ్గితే తగ్గినట్టు, లేదంటే ఇంకో ముక్క.

రెండో వారం చివరికి ఆవిరి వాసన మళ్లీ ఉత్త ఆవిరి వాసనైంది. డాక్టరమ్మ పూర్తి మాత్ర వేసుకోమంది. రెండ్రోజులు మళ్లీ కడుపులో తిప్పింది. ఈసారి అక్క భయపడలేదు. "వచ్చావా, కూర్చో" అని పొట్టతో అని బిస్కెట్టు కొరికింది.

మూడో వారం దాటాక ఒకరోజు, నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడుతున్నట్టు దుప్పట్లలోంచి గుసగుస వినపడింది. మాటలు తెలియలేదు. అక్క ఎవరికీ చెప్పలేదు. ఇంకో మూడు రోజులకి, హోటల్ వంటవాడి ఆప్రాన్ మీద పెట్టె ఆనించగానే ఒక్క మాట స్పష్టంగా వచ్చింది.

అక్క ఫక్కున నవ్వింది. అత్తగారు కుర్చీలోంచి సగం లేచింది. "ఏమంది?"

"ఉప్పు అంది."

"ఉప్పేంటి?"

"ఏమో. ఉప్పు అంది, అంతే."

వంటవాడొస్తే అదే చెప్పారు. అతను రెండు నిమిషాలు ఆలోచించి, తన బీపీ సంగతి గుర్తొచ్చి, బుర్ర గోక్కుంటూ వెళ్లాడు. అత్తగారు అట్టముక్క పీకి చింపేసింది.

అంతా బాగైపోయిందని కాదు. కొన్ని పొద్దుటిపూటలు ఇంకా బరువుగానే ఉండేవి. నాలుగు బట్టలు పలికితే ఒకటి పలికేది కాదు. కానీ షట్టర్ ఎత్తడానికి మాత్రం పది నిమిషాలు పట్టడం లేదు.

నాలుగో వారం బస్సు డ్రైవరు కోటు మళ్లీ వచ్చింది. అక్క దాన్ని పరిచి భుజం మీద పెట్టె ఆనించింది. కోటు మెల్లగా చెప్పింది.

'బస్సు ఖాళీ అయ్యాక వెనక సీట్లో కూర్చుంటాడు. గంట, గంటన్నర. ఇంటికెళ్లడం ఇష్టం లేక కాదు. లేవలేక.'

అక్క పెట్టె తీసి నిలబెట్టింది. ఇలాంటి మాటలు ఇంతకుముందు కూడా విన్నది. సున్నితంగా చెవిలో వేసి పంపేది, ఆ తర్వాత వాళ్ల దారి వాళ్లది. కోటు పూర్తి చేసి హ్యాంగరుకి తగిలించి, "అత్తయ్యా, నేనే ఇచ్చొస్తా" అంది. అత్తగారు ఎక్కడికని అడగలేదు.

డిపో దూరమేం కాదు. ఆఖరి ఎండ ఇంకా ఉంది. వరసగా ఆగి ఉన్న బస్సుల్లో గోడ పక్కనున్న దాని తలుపు తెరిచి ఉంది. అక్క మెట్లెక్కి చూసింది. చివరి సీట్లో డ్రైవరు చేతులు తొడల మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఆమెని చూసి నవ్వబోయాడు. ఆ నవ్వులో గంట సరిగ్గా మోగలేదు.

"కాలు పట్టేసింది చెల్లెమ్మా. అలా కూర్చున్నా."

"కోటు చెప్పింది అన్నయ్యా."

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. "ఏమంది?"

"లేవలేకపోతున్నావంది."

ఆయన కిటికీ అద్దం మీది దుమ్ము వేలితో తుడిచాడు. తర్వాత అన్నాడు, "రోజంతా అందర్నీ ఎక్కిస్తా, దించుతా, నవ్విస్తా. చివరి స్టాపు రాగానే ఎవరో ప్లగ్గు పీకినట్టవుతుంది. ఇంట్లో ఏమీ తక్కువ లేదు. ఎందుకో నాకే తెలీదు."

"నాకూ తెలీలేదు" అంది అక్క. పక్క సీటులో కూర్చుంది. కోటు ఒళ్లో పెట్టుకుంది. "నీ కోటు కాల్చానే, ఆ రోజు నేను మాత్ర మొదలుపెట్టి అయిదో రోజు. ఎల్లుండి పొద్దున్న మళ్లీ డాక్టరు దగ్గరికెళ్తున్నా. నువ్వూ రా."

"మందులంటే భయం చెల్లెమ్మా. మా డిపోలో ఒకడు మొదలుపెట్టి నాలుగో రోజుకే వదిలేశాడు. ఉన్న ఓపిక కూడా పోయిందన్నాడు."

"నాలుగో రోజు అలాగే ఉంటుంది. నేనూ వదిలేసేదాన్నే."

ఆయన ఆమెవైపు తిరిగాడు. "ఎంత కష్టం? ఉన్నదున్నట్టు చెప్పు."

అక్క చెప్పింది. కడుపులో తిప్పడం చెప్పింది, అట్టముక్క నాలుక చెప్పింది, కలలు, చేతివణుకు, గుండెదడ చెప్పింది. ఫోనులో డాక్టరమ్మ అడిగిన ప్రశ్నా, తను దాచకుండా ఇచ్చిన జవాబూ చెప్పింది. అందరికీ ఒకేలా ఉండదని, తనకి పడింది ఆయనకి పడకపోవచ్చని, అసలు మందు కావాలో వద్దో డాక్టరే చెప్పాలని కూడా చెప్పింది. ఒక్కటి కూడా తగ్గించలేదు. ఆవలింతల సంగతి చెప్పేటప్పుడు ఆయన నిజంగానే ఆవలించాడు. ఇద్దరూ నవ్వుకున్నారు.

"ఇన్ని చెప్పి రమ్మంటున్నావే!"

"చెప్పకుండా రమ్మంటే నాలుగో రోజు నువ్వు నన్ను నమ్మవు. ఆ రోజు ఫోన్ చెయ్యి. అయిదో రోజూ చెయ్యి. మా అత్తయ్య బిస్కెట్లు పంపుతుంది."

బస్సులో వెలుతురు పల్చబడింది. ఆమె లేవలేదు, ఆయన్ని లేవమననూ లేదు. డిపో వాచ్‌మన్ ఒకసారి తొంగిచూసి వెళ్లాడు. ఇంకాసేపటికి డ్రైవరు ముందు సీటు కడ్డీ పట్టుకున్నాడు. వదిలేశాడు. మళ్లీ పట్టుకున్నాడు.

"ఎల్లుండి ఎన్నింటికి?" అన్నాడు, లేస్తూ.